ట్రస్టెడ్ అడ్వైజర్ "వాడకం లేదు" అన్న సర్వర్లన్నీ ఆపెయ్యొచ్చా?

బిల్లు_భయం
ఏడబ్ల్యూఎస్‌లో (అమెజాన్ క్లౌడ్) బిజినెస్ సపోర్ట్ తీసుకున్నాక, అకౌంటును పరిశీలించి సలహాలిచ్చే ట్రస్టెడ్ అడ్వైజర్‌లో చెక్‌లన్నీ తెరుచుకున్నాయి. చూస్తే అంతా పసుపే (పసుపు అంటే హెచ్చరిక, ఎరుపు అంటే వెంటనే చూడాల్సినది). "తక్కువ వాడకం ఉన్న ఈసీ2" కింద 43 సర్వర్లు, నెలకు దాదాపు 2,100 డాలర్లు మిగులుతాయని చూపిస్తోంది. సెక్యూరిటీలో 9 ఎర్రవి. మేనేజరు ఆ స్క్రీన్‌షాట్ పైవాళ్లకు పంపేశాడు, శుక్రవారంలోగా 43నీ ఆపెయ్యమంటున్నాడు. అందులో సగం డెవలపర్లు రోజూ లాగిన్ అయ్యేవే. మరి వాడకం లేదని ఇది ఎలా తేల్చింది? దీని మాట ఎంతవరకు నమ్మాలి? సర్వర్లు ముంబైలో కొన్ని, హైదరాబాద్ రీజియన్‌లో కొన్ని ఉన్నాయి.

పహారా
ముందు ఆ 9 ఎర్రవి ఏంటో రాయండి. 2,100 డాలర్లు వచ్చే నెలైనా మిగులుతాయి, తెరిచి ఉన్న పోర్టు అప్పటిదాకా ఆగదు.

నల్లపెట్టె
ఆ చెక్ షరతు ఒకసారి చదవండి, అదే పేజీలో కింద ఉంటుంది. గడిచిన 14 రోజుల్లో కనీసం 4 రోజులు సీపీయూ 10 శాతం లేదా అంతకంటే తక్కువ, నెట్‌వర్క్ 5 ఎంబీ లేదా అంతకంటే తక్కువ ఉంటే చాలు, జాబితాలోకి ఎక్కేస్తుంది.

ఇప్పుడు లెక్కేసుకోండి. ఏ 14 రోజులు తీసుకున్నా అందులో శని ఆదివారాలు నాలుగు. అంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా ఎంత పనిచేసినా, వారాంతంలో ఖాళీగా ఉండే ప్రతి డెవలప్‌మెంట్ సర్వరూ ఈ లెక్కలో "తక్కువ వాడకం". మీ డెవలపర్లు రోజూ వాడేవి అందుకే వచ్చాయి. టూల్ తప్పు చెప్పలేదు, మీ మేనేజరు అడగని ప్రశ్నకు జవాబిచ్చింది.

నెలాఖరు జీతాల బ్యాచ్ సర్వరు, లైసెన్స్ సర్వరు, డిజాస్టర్ రికవరీ కోసం ఊరికే నిలబెట్టిన స్టాండ్‌బై, ఇవన్నీ కూడా అందులోనే ఉంటాయి చూడండి.

పెసరట్టు_ఉప్మా
ఆ షరతు పెడితే శనివారం నన్ను చూసి కూడా పసుపు రంగే వేస్తుంది.

క్రాన్‌ట్యాబ్
నల్లపెట్టె చెప్పినదానికి రెండో వైపు కూడా ఉంది. నిజంగా ఖాళీగా ఉన్న సర్వర్లు ఆ 43లో ఉండకపోవచ్చు. మానిటరింగ్ ఏజెంటు, లాగ్ షిప్పర్, యాంటీవైరస్ అప్‌డేట్ ఉంటే రోజుకు 5 ఎంబీ సునాయాసంగా దాటిపోతుంది. సీపీయూ 1 శాతం ఉన్నా నెట్‌వర్క్ షరతు తప్పుతుంది కాబట్టి ఆ సర్వరు పచ్చగానే కనబడుతుంది. రెండు షరతులూ కలిసి నెరవేరాలి కదా. అందుకే ఈ చెక్‌ను ఒక్కదాన్నే పట్టుకోకండి, సర్వరు సైజు వాడకానికి సరిపోతుందో చెప్పే కంప్యూట్ ఆప్టిమైజర్ ఆన్ చేసి పక్కన పెట్టుకోండి. మామూలు వాడకానికి అది ఉచితం.

బిల్లు_భయం
పహారా గారూ, ఎర్రవి ఇవీ: సెక్యూరిటీ గ్రూపులు, అంటే సర్వర్ల ఫైర్‌వాల్ రూల్స్, 6 (22 ఎస్ఎస్‌హెచ్ లాగిన్, 3306 డేటాబేస్, 3389 విండోస్ రిమోట్ డెస్క్‌టాప్, ఈ పోర్టులు ప్రపంచమంతటికీ తెరిచి ఉన్నాయి), రూట్ అకౌంటుకు ఎంఎఫ్‌ఏ (పాస్‌వర్డ్ మీద రెండో ధ్రువీకరణ) లేదు, పబ్లిక్‌గా ఉన్న ఈబీఎస్ స్నాప్‌షాట్ (డిస్కు కాపీ) ఒకటి, ఎస్3 బకెట్ (ఫైళ్ల నిల్వ) ఒకటి.

పహారా
నేనైతే ఈ వరుసలో చేస్తాను.

రూట్ ఎంఎఫ్‌ఏ: ఐదు నిమిషాల పని. ఒకటికి రెండు డివైజులు రిజిస్టర్ చేయండి, ఫోను పోతే అకౌంటు తిరిగి తెచ్చుకోవడం నరకం. రూట్‌కు యాక్సెస్ కీలు ఉంటే అవీ తీసెయ్యండి.

స్నాప్‌షాట్: పర్మిషన్లలోకి వెళ్లి ప్రైవేట్ చేయండి. అయితే దానితో పని అయిపోలేదు. పబ్లిక్‌గా ఉన్నన్నాళ్లూ ఎవరైనా తమ అకౌంటులోకి కాపీ చేసుకుని ఉండొచ్చు, ఆ కాపీని మీరు వెనక్కి లాక్కోలేరు. ఆ డిస్కులో ఉన్న డేటాబేస్ పాస్‌వర్డులు, ఎస్ఎస్‌హెచ్ కీలు, కాన్ఫిగ్ ఫైళ్లలోని టోకెన్లు అన్నీ బయటపడ్డట్టే అనుకుని మార్చండి. తర్వాత స్నాప్‌షాట్లు పబ్లిక్ కాకుండా అడ్డుకునే అకౌంట్ సెట్టింగ్ ఆన్ చేయండి. అది రీజియన్‌వారీ సెట్టింగ్. ముంబైలో పెట్టి హైదరాబాద్ వదిలేస్తే సగం తలుపు వేసినట్టే.

ఎస్3: అది స్టాటిక్ వెబ్‌సైటా, లేక పొరపాటున తెరిచిందా? వెబ్‌సైటైతే ముందు క్లౌడ్‌ఫ్రంట్ (సైటును జనానికి అందించే సర్వీసు) పెట్టి, ఆరిజిన్ యాక్సెస్ కంట్రోల్ ద్వారా బకెట్‌ను దానికే తెరిచి, ఆ తర్వాత బ్లాక్ పబ్లిక్ యాక్సెస్ వెయ్యండి. వరుస తిప్పేస్తే సైటు పడిపోతుంది. 2023 ఏప్రిల్ తర్వాత కొత్త బకెట్లకు ఈ బ్లాక్ దానంతటదే ఉంటుంది, కాబట్టి మీది పాతదైనా అయ్యుండాలి, ఎవరో కావాలని తీసేసినా ఉండాలి.

పోర్టు_పాలకుడు
సెక్యూరిటీ గ్రూపుల సంగతి నేను చెప్తా.

3306కి సోర్స్‌గా ఐపీ ఇవ్వొద్దు, యాప్ సర్వర్లకు తగిలించిన సెక్యూరిటీ గ్రూపు ఐడీనే ఇవ్వండి. ఆటోస్కేలింగ్‌లో (సర్వర్లు వాటంతటవే పెరిగి తగ్గే ఏర్పాటు) సర్వర్లు మారినా రూల్ ముట్టుకోనక్కర్లేదు. ముందు కొత్త రూల్ కలిపి, యాప్ నుంచి కనెక్షన్ వస్తోందని చూసి, అప్పుడు 0.0.0.0/0 (అంటే ప్రపంచమంతా) తీసెయ్యండి.

తీసే ముందు నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసుల జాబితాలో ఆ గ్రూపు ఐడీతో వెతకండి. దేనికీ తగిలించి లేకపోతే నేరుగా గ్రూపే తొలగించొచ్చు.

ఇంకోటి చాలామందికి తెలీదు. ఇన్‌బౌండ్ (లోపలికి) 0.0.0.0/0 ఉండి, అవుట్‌బౌండ్ (బయటికి) కూడా అన్ని పోర్టులకూ తెరిచి ఉంటే ఆ కనెక్షన్లను సెక్యూరిటీ గ్రూప్ ట్రాక్ చెయ్యదు. మామూలు రూల్ తీసేస్తే నడుస్తున్న కనెక్షన్ కాసేపు బతుకుతుంది. ఇలాంటి రూల్ తీసేస్తే మాత్రం నడుస్తున్న కనెక్షన్ అక్కడికక్కడే తెగిపోతుంది. మధ్యాహ్నం పన్నెండింటికి 22 మూసేసి, తన సెషనే పోయిందని అరిచేవాళ్లు అందుకే ఉంటారు. రాత్రి పూట చెయ్యండి.

డల్లాస్_తమ్ముడు
22, 3389 రెండూ పూర్తిగా మూసెయ్యొచ్చు కదన్నా. సెషన్ మేనేజర్ (ఏడబ్ల్యూఎస్ ద్వారానే సర్వరులోకి వెళ్లే దారి) ఉంటే ఇన్‌బౌండ్ పోర్టే అక్కర్లేదు. సర్వరులో ఎస్ఎస్ఎం (సిస్టమ్స్ మేనేజర్) ఏజెంటు, ఇన్‌స్టెన్స్ రోల్‌కు (సర్వరుకు ఇచ్చే అనుమతులు) అమెజాన్ ఎస్ఎస్ఎం మేనేజ్డ్ ఇన్‌స్టెన్స్ కోర్ పాలసీ, బయటికి 443, ఈ మూడుంటే చాలు. విండోస్ అయితే పోర్ట్ ఫార్వార్డింగ్‌తో రిమోట్ డెస్క్‌టాప్ కూడా వస్తుంది.

పోర్టు_పాలకుడు
@డల్లాస్_తమ్ముడు అవును, కానీ ఇంటర్నెట్ దారి లేని ప్రైవేట్ సబ్‌నెట్‌లో ఉంటే వీపీసీ ఎండ్‌పాయింట్లు (ఇంటర్నెట్ లేకుండా ఏడబ్ల్యూఎస్ సర్వీసులకు దారి) పెట్టాలి, వాటికి గంటకింతని ఛార్జీ ఉంది. అదీ లెక్కలో వేసుకోవాలి.

ఇంకా, ఎర్ర రంగు పోయింది కదా అని సంబరపడకండి. ఈ పోర్టుల చెక్ చూసేది ఐపీవీ4 ఇన్‌బౌండ్ రూల్స్‌నే. ఐపీవీ6లో ::/0 తెరిచి ఉంటే దాని కంటికి ఆనదు. కొందరు మహానుభావులు 0.0.0.0/1, 128.0.0.0/1 అని రెండు ముక్కలు చేసి రాస్తారు. ప్రపంచమంతా తెరిచే ఉంటుంది, చెక్ వెతికేది /0 కాబట్టి డాష్‌బోర్డు మాత్రం పచ్చగా ఉంటుంది.

పెసరట్టు_ఉప్మా
ఆ రెండు ముక్కల ఐడియా ఇచ్చినవాడికి ఎక్కడో ప్రమోషన్ కూడా వచ్చి ఉంటుంది.

లెక్కల_పంతులు
డబ్బు సంగతికి వద్దాం. ఆ 2,100 డాలర్లు ఎలా వచ్చాయో చూశారా? అది ఆన్-డిమాండ్ (ముందస్తు ఒప్పందం లేని) రేటుతో కట్టిన లెక్క. మీకు సేవింగ్స్ ప్లాన్ గానీ రిజర్వ్‌డ్ ఇన్‌స్టెన్సులు (ముందే మాటిచ్చి తక్కువ రేటుకు తీసుకున్న సర్వర్లు) గానీ ఉన్నాయా? ఉంటే అంత మిగలదు.

సేవింగ్స్ ప్లాన్ అంటే గంటకు ఇన్ని డాలర్లు కడతానని ఏడాదికో మూడేళ్లకో ఇచ్చిన మాట. సర్వరు ఆపినా ఆ గంట డబ్బు పడుతూనే ఉంటుంది. మిగతా సర్వర్లు ఆ మొత్తాన్ని వాడుకుంటే సరే, లేదంటే 43 ఆపినా బిల్లు అంతే వస్తుంది. కాస్ట్ ఎక్స్‌ప్లోరర్‌లో సేవింగ్స్ ప్లాన్ యుటిలైజేషన్ రిపోర్టు తీసి చూడండి. 100 శాతం ఉండి, కవరేజ్ (మొత్తం వాడకంలో ప్లాన్ కిందికి వచ్చే వాటా) తక్కువగా ఉంటే ఆపడం వల్ల నిజంగా మిగులుతుంది.

బిల్లు_భయం
కంప్యూట్ సేవింగ్స్ ప్లాన్ ఉంది, ఏడాదిది. ఇంకో మూడు నెలలుంది. ట్రస్టెడ్ అడ్వైజర్ ఇంకో ప్లాన్ కూడా కొనమంటోంది.

లెక్కల_పంతులు
ఇప్పుడే కొనకండి. ఆ సలహా గడిచిన రోజుల వాడకం చూసి ఇస్తుంది, రేపు మీరు ఆపబోయే సర్వర్లు కూడా అందులో కలిసే ఉన్నాయి. ముందు అక్కర్లేనివి ఆపాలి, పెద్దవి చిన్నవి చెయ్యాలి, కొన్ని వారాలు బిల్లు నిలకడగా ఉందో చూడాలి, ఆ తర్వాతే కొత్త మాట ఇవ్వాలి.

ఇంకో విషయం, ఒకే సర్వరు "ఆపెయ్" జాబితాలోనూ, "దీనికి రిజర్వ్‌డ్ కొను" జాబితాలోనూ రెండుసార్లు కనబడుతుంది. రెండు అంకెలూ కూడేసి స్లైడులో పెట్టేవాళ్లు ఉంటారు. కాస్ట్ ఆప్టిమైజేషన్ హబ్ ఆన్ చేసుకోండి. 2023 చివర్లో వచ్చింది, ఉచితం, ఈ రెండుసార్ల లెక్కను అదే తీసేసి, మీకున్న డిస్కౌంట్లు కూడా కలుపుకుని చూపిస్తుంది. పైవాళ్లకు పంపితే ఆ అంకె పంపాలి.

నీలి_మేఘం
మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లోని అజూర్ అడ్వైజర్ ఈ విషయంలో నయం. అందరికీ ఉచితం, సపోర్ట్ ప్లాన్‌తో పని లేదు. వీఎం (అక్కడి సర్వరు) ఆపమనే ముందు సీపీయూ 3 శాతం లోపు ఉందా అని కూడా చూస్తుంది, ఎన్ని రోజుల వాడకం చూడాలో మనమే 7 నుంచి 90 దాకా మార్చుకోవచ్చు.

నల్లపెట్టె
@నీలి_మేఘం నయమే గానీ, 7 రోజులే డిఫాల్ట్. మార్చుకునేవాళ్లు ఎందరు? నెలాఖరు బ్యాచ్ సర్వరు అక్కడా చిక్కుతుంది. పైగా అజూర్‌లో వీఎం లోపలి నుంచి షట్‌డౌన్ కొట్టి బిల్లు ఆగిందనుకునే జనం ఇంకా ఉన్నారు. డీఅలకేట్ అయితేనే (అజూర్ ఆ సర్వరును వెనక్కి తీసుకుంటేనే) కంప్యూట్ ఛార్జీ ఆగుతుంది.

గూగుల్ క్లౌడ్‌లో అనుమతుల మీద సలహాలిచ్చే ఐఏఎం రికమెండర్‌దీ ఇదే కథ. 90 రోజుల్లో వాడని పర్మిషన్లు తీసెయ్యమంటుంది. మార్చి 31న మాత్రమే నడిచే జాబ్ సర్వీస్ అకౌంటుకు డిసెంబరులో అది ఒప్పుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

క్రాన్‌ట్యాబ్
బిల్లు_భయం గారూ, డెవలప్‌మెంట్ సర్వర్లకు ఆపడం కాదు, టైమ్‌టేబుల్ పెట్టడం మందు. సోమ నుంచి శుక్ర, ఉదయం 9 నుంచి రాత్రి 9. వారానికి 168 గంటల్లో 60 గంటలే నడుస్తాయి, కంప్యూట్ ఖర్చు 64 శాతం తగ్గుతుంది. టైముకు పనులు నడిపే ఈవెంట్‌బ్రిడ్జ్ షెడ్యూలర్‌లో టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా ఇవ్వండి, లేదంటే యూటీసీలో నడిచి మధ్యాహ్నం రెండున్నరకు సర్వర్లు లేస్తాయి. డిస్క్ ఛార్జీ మాత్రం ఆగదు, అది మర్చిపోకండి.

ఆపే ముందు ఒక్కో సర్వరుకు ఇవి చూడండి:
– ఆటోస్కేలింగ్ గ్రూపులో ఉందా? ఉంటే చేత్తో ఆపారంటే గ్రూపు దాన్ని చచ్చిందనుకుని టెర్మినేట్ చేసి కొత్తది లేపుతుంది. గ్రూపు సైజు తగ్గించాలి, సర్వరు కాదు.
– ఇన్‌స్టెన్స్ స్టోర్ (తాత్కాలిక) డిస్కు ఉందా? ఆపితే ఆ డేటా పోతుంది.
– ఎలాస్టిక్ ఐపీ (మారని ఐపీ) లేకుండా పబ్లిక్ ఐపీ మీద నడుస్తోందా? మళ్లీ లేపితే ఐపీ మారుతుంది. అవతల బ్యాంకో, వెండరో ఆ ఐపీకే అనుమతి ఇచ్చి ఉంటే అంతే సంగతులు.
– షట్‌డౌన్ బిహేవియర్ "టెర్మినేట్" అని ఉందా? అప్పుడు లోపలి నుంచి షట్‌డౌన్ కొడితే సర్వరే మాయం.

ఆర్‌డీఎస్ (డేటాబేస్ సర్వీసు) అయితే ఇంకో తమాషా. ఆపితే 7 రోజులకు తనంతట తనే మళ్లీ లేస్తుంది. ఒకసారి ఆపి వదిలేసి, నెల తర్వాత బిల్లు చూసి ఆశ్చర్యపోవద్దు.

డల్లాస్_తమ్ముడు
ఓనర్ ట్యాగ్ లేని సర్వర్లు ఎన్ని ఉన్నాయి అందులో?

బిల్లు_భయం
17. నాలుగింటికి ఓనర్ "టెస్ట్" అని ఉంది.

పెసరట్టు_ఉప్మా
టెస్ట్ గారు రిజైన్ చేసి వెళ్లిపోయారు, నోటీసు పీరియడ్ కూడా సర్వ్ చెయ్యలేదు.

పహారా
ఆ 17కీ క్లౌడ్‌ట్రెయిల్‌లో (అకౌంటులో ఎవరేం చేశారో రాసే చిట్టా) వెతికితే ఎవరు లేపారో దొరకొచ్చు, కానీ ఈవెంట్ హిస్టరీ 90 రోజులే ఉంటుంది. పాతవైతే ట్రెయిల్ ఎస్3లోకి రాస్తుంటేనే దొరుకుతుంది. దొరకనివి టెర్మినేట్ చెయ్యకండి, ఆపి ఒక పూర్తి నెలాఖరు దాటే దాకా ఉంచండి. ఎవరూ అరవకపోతే స్నాప్‌షాట్ తీసి అప్పుడు పీకండి.

లెక్కల_పంతులు
ఆపడం కంటే తేలిగ్గా డబ్బు మిగిలేది డిస్కుల్లో. జీపీ2 రకం డిస్కులను కొత్త రకం జీపీ3కి మార్చండి, సర్వరు ఆపక్కర్లేదు. నార్త్ వర్జీనియా రేట్లు: జీపీ2 జీబీకి నెలకు 10 సెంట్లు, జీపీ3 8 సెంట్లు. కళ్లు మూసుకుని 20 శాతం.

క్రాన్‌ట్యాబ్
కళ్లు మూసుకోవద్దు పంతులు గారూ. 500 జీబీ జీపీ2 డిస్కుకు త్రూపుట్ సెకనుకు 250 ఎంబీ దాకా వస్తుంది. జీపీ3కి డిఫాల్ట్ 125 మాత్రమే. అలాగే మారిస్తే రాత్రి బ్యాకప్‌కు రెట్టింపు సేపు పడుతుంది, "నిన్న మీరేం ముట్టుకున్నారు" అని ఫోనొస్తుంది.

లెక్కల_పంతులు
ఒప్పుకుంటా, పెద్ద డిస్కులకు అది నిజం. మీ ఉదాహరణతోనే లెక్క: జీపీ2 500 జీబీకి 50 డాలర్లు. జీపీ3కి 40, అదనంగా 125 ఎంబీ త్రూపుట్‌కు ఎంబీకి 4 సెంట్ల చొప్పున 5 డాలర్లు, మొత్తం 45. ఇంకా 10 శాతం మిగులే.

1,000 జీబీ దాటితే ఐఓపీఎస్ (సెకనుకు ఎన్నిసార్లు చదవడం, రాయడం) కూడా చూడాలి. జీపీ2లో జీబీకి 3 వస్తాయి, 2,000 జీబీకి 6,000. జీపీ3లో 3,000 ఉచితం, పైన ఒక్కోటి అర సెంటు. అంటే 160 + 15 + 5, మొత్తం 180 డాలర్లు, జీపీ2లో 200. అయితే ఆ 6,000 నిజంగా వాడుతున్నారా అని క్లౌడ్‌వాచ్‌లో (ఏడబ్ల్యూఎస్ మానిటరింగ్) చూశాకే కొనండి. చాలా డిస్కులు 3,000 లోపే నడుస్తాయి. 170 జీబీ లోపు చిన్న డిస్కులైతే కళ్లు మూసుకునే మార్చొచ్చు, వాటికి జీపీ2లోనూ 128 ఎంబీయే పరిమితి.

నల్లపెట్టె
సైజు తగ్గించే సలహాల్లో ఇంకో గుంత: మెమరీ. ఈసీ2 లోపల ఎంత మెమరీ వాడుతోందో ఏడబ్ల్యూఎస్‌కు బయటి నుంచి కనబడదు. జావా సర్వరు సీపీయూ 6 శాతం, మెమరీ 80 శాతం ఉండొచ్చు. దాన్ని ఎం5 లార్జ్ నుంచి టీ3 మీడియంకు దించితే 8 జీబీ కాస్తా 4 జీబీ అవుతుంది, ప్రాసెస్ చచ్చిపోతుంది.

క్లౌడ్‌వాచ్ ఏజెంటు పెట్టి, మెమరీ వాడకం శాతం ఒక్కటే పంపించండి. మెట్రిక్‌కు నెలకు 30 సెంట్లు, మీ 43 సర్వర్లకు 13 డాలర్ల లోపే. విజార్డులో అన్నీ ఎంచుకుంటే ఒక్కో డిస్కుకూ ఒక్కో కోరుకూ మెట్రిక్‌లు పంపి, మిగిల్చిన డబ్బంతా అదే తినేస్తుంది. మెమరీ డేటా వచ్చాక కంప్యూట్ ఆప్టిమైజర్ సలహా మారుతుంది, అప్పుడు చూడండి.

డల్లాస్_తమ్ముడు
ట్రస్టెడ్ అడ్వైజర్ గట్టిగా చెప్పనిది న్యాట్ గేట్‌వే (ప్రైవేట్ సర్వర్లు బయటికి వెళ్లే దారి). నార్త్ వర్జీనియాలో గంటకు 4.5 సెంట్లు కాక, దాటిన ప్రతి జీబీకీ 4.5 సెంట్లు. ప్రైవేట్ సబ్‌నెట్ సర్వర్లు ఎస్3కి బ్యాకప్ పంపేది దాని మీదుగానే అయితే 10,000 జీబీకి 450 డాలర్లు. ఎస్3 గేట్‌వే ఎండ్‌పాయింట్ ఉచితం, రూట్ టేబుల్‌కు తగిలిస్తే చాలు. పబ్లిక్ ఐపీవీ4లు కూడా చూసుకోండి, 2024 ఫిబ్రవరి నుంచి వాడుతున్నా గంటకు అర సెంటు పడుతుంది. "ఖాళీ ఎలాస్టిక్ ఐపీ" చెక్ వాడకంలో ఉన్నవాటిని చూపించదు.

బిల్లు_భయం
43లో లెక్క తేలింది: డెవలప్‌మెంట్‌వి 21, ఓనర్ లేనివి 17, స్టాండ్‌బై 3, లైసెన్స్ సర్వర్లు 2. చివరి అయిదూ జాబితాలోంచి తీసెయ్యొచ్చా? ప్రతి వారం కనబడుతుంటే మేనేజరు మళ్లీ అడుగుతాడు.

నల్లపెట్టె
వాటిని ఎంచుకుని "ఎక్స్‌క్లూడ్" కొట్టండి. కానీ ఎందుకు తీశామన్నది రాసుకునే చోటు అక్కడ లేదు. సర్వరు మీదే ఒక ట్యాగ్‌లో కారణం, మళ్లీ చూడాల్సిన తేదీ పెట్టండి. లేదంటే మీ తర్వాత వచ్చినవాడికి ఎక్స్‌క్లూడ్ అయినవన్నీ మిస్టరీయే.

బిల్లు_భయం
కొత్తగా ఏదైనా ఎర్రది వస్తే మెయిల్ వచ్చేలా ఈవెంట్‌బ్రిడ్జ్ రూల్ రాశాను. టెస్ట్ చేద్దామని పాత డెవలప్‌మెంట్ వీపీసీలో (ప్రైవేట్ నెట్‌వర్క్) ఒక గ్రూపులో 3389 తెరిచి చెక్ రిఫ్రెష్ కొట్టాను. డాష్‌బోర్డు ఎర్రబడింది, మెయిల్ రాలేదు.

క్రాన్‌ట్యాబ్
రూల్ ఏ రీజియన్‌లో ఉంది?

బిల్లు_భయం
ముంబై.

క్రాన్‌ట్యాబ్
ట్రస్టెడ్ అడ్వైజర్ ఈవెంట్లు నార్త్ వర్జీనియాకే వస్తాయి. వనరు ముంబైలో ఉన్నా, హైదరాబాద్‌లో ఉన్నా అంతే. రూల్, దాని ఎస్ఎన్ఎస్ టాపిక్ (మెయిల్ పంపేది) రెండూ అక్కడ పెట్టండి. ఎస్ఎన్ఎస్ సబ్‌స్క్రిప్షన్ మెయిల్ వస్తుంది, అందులో కన్ఫర్మ్ నొక్కితేనే మిగతావి వస్తాయి, స్పామ్‌లో కూడా చూడండి. ముందు ఆ 3389 మూసెయ్యండి.